మూత విప్పని నీళ్ళు

శవానికి నాలుగడుగుల దూరంలో నీళ్ళ సీసా ఉంది. రెండు లీటర్లది. మూత సీలు కూడా తియ్యలేదు. దాని పక్కన గాజు గ్లాసులో అంచుదాకా నీళ్ళు. పోయినాయన పెదాలు మాత్రం ఎండి పగిలిపోయి, నాలుక అంగిలికి అతుక్కుపోయి ఉంది.

"వడదెబ్బ," అన్నాడు పోలీసు డాక్టరు, మోకాళ్ళ మీంచి లేస్తూ. "ఎనభై రెండేళ్ళ మనిషి. గుండె అంతంత మాత్రం. పైన రేకులు, కిటికీ లేని గది. అర్ధరాత్రి దాటాక పోయుంటాడు. ఒంట్లో తడి అన్నది లేదు ఫుకహొరి మేడమ్."

"ఎదురుగా ఇన్ని నీళ్ళు పెట్టుకునా?"

"అది నా పని కాదు, మీ పని," అని చేతి తొడుగులు విప్పేసుకున్నాడు.

నా పనే. ముప్ఫై ఏళ్ళుగా నాగసాకి పోలీసుల్లో ఇదే పని, ఇన్‌స్పెక్టర్‌నయ్యాకా ఇదే పని. కానీ ఆగస్టు తొమ్మిదో తారీకున మాత్రం శవాన్ని చూపించకు దేవుడా అని ఏటా మొక్కుకుంటాను. పదకొండూ రెండు నిమిషాలకు, అణుబాంబు పడిన ఘడియకి, ఊరంతా సైరన్ మోగుతుంది. ఆ సమయానికి నేను మా నాయనమ్మ పటం ముందుండాలి. ఈ ఏడు కుసనో హిసావో గారి ముందున్నాను.

హిసావో గారు ఈ స్ప్రింగుల ఫ్యాక్టరీ యజమాని. పడవ ఇంజన్లకీ, ఆసుపత్రుల్లో రక్తం శుద్ధి చేసే మిషన్లకీ గోరంత గోరంత స్ప్రింగులు చేస్తారిక్కడ. బాంబు పడిన నాటికి ఆయన రెండేళ్ళ పిల్లాడు. వాళ్ళమ్మ ఒళ్ళంతా కాలి, ఏటిగట్టున పడి నీళ్ళు, నీళ్ళు అని అడిగింది. కాలినవాళ్ళకి నీళ్ళు పోస్తే ప్రాణం పోతుందని అప్పట్లో అందరూ అనేవాళ్ళు. వాళ్ళ నాన్న ఆ మాట నమ్మి పొయ్యలేదు. ఆవిడ ఎలాగూ పోయింది. యుద్ధంలో టార్పెడోలకి స్ప్రింగులు చుట్టిన ఆ మనిషి, బూడిదలో ఏరుకున్న ఇనుముతో ఈ ఫ్యాక్టరీ పెట్టి, పనిముట్ల గదిలో భార్య పటం పెట్టి, రోజూ ఆమెకో గ్లాసు నీళ్ళు పెట్టి, మనుషుల్ని చంపే సామాను ఈ గడప దాటదని ఒట్టేసుకున్నాడు. ఆ ఒట్టుని కొడుకు బతికినంతకాలం మోశాడు.

దేశం కూడా అలాంటి ఒట్టే వేసుకుంది. మా తరమంతా బళ్ళో అదే చదువుకున్నాం. ఇప్పుడు దేశం ఆ ఒట్టు తీసి గట్టున పెట్టింది. ఆయుధాలు చేసి పరాయి దేశాలకి అమ్ముకోవచ్చట. క్షిపణి గాల్లోకి లేచాక దాని రెక్కలు విచ్చుకోవడానికి లోపల ఒక స్ప్రింగు కావాలట. దాన్ని కుసనో వాళ్ళలా చుట్టేవాళ్ళు లేరట! రేపు ఒప్పందం మీద ఫ్యాక్టరీ ముద్ర పడాలి. మా దగ్గర సంతకాలు సవాలక్ష చేసినా ముద్ర పడందే కాగితానికి ప్రాణం రాదు. ఆ ముద్ర హిసావో గారి దగ్గరుంది. దాని కోసం ఆయన జేబులన్నీ వెతికాను. లేదు.

గది చిన్నది. వెనక గోడ దగ్గర ఆవిడ పటమున్న పీఠం, దాని ముందే ఆ సీసా, గ్లాసూ. ఒకప్పటి పనిముట్ల గది కాబట్టి ఇనుప తలుపు, గడియ బయటికుంది. తలుపు బయటికి తెరుచుకుంటుంది. ఆయన వెల్లకిలా పడున్నాడు, తలా భుజాలూ గడప బయట, కాళ్ళు లోపల.

"పొద్దున్న ఆరింటికి వచ్చాను. తలుపు తెరిచే ఉంది. నాన్న ఇలాగే పడున్నాడు," అంది సుమియే.

ఒక్కతే కూతురు. యాభై దాటింది. ఇనుమును తిప్పి చెక్కే లేత్ మిషన్ పక్కన స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎన్నిసార్లడిగినా ఆ మూడు ముక్కలే, అదే వరసలో. ఆ తర్వాత మాత్రం తనే నన్ను అడుగుతోంది.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, నాన్న చాలాసేపు అవస్థపడ్డాడా?"

"డాక్టరు చెప్తాడమ్మా."

"నిద్దట్లో పోయుండచ్చు కదండీ?"

అప్పటికే నేను హిసావో గారి ఎడమ చెంప చూశాను. చెంపకీ, తెల్ల చొక్కా భుజానికీ ఎర్రటి తుప్పు అంటుకుని ఉంది. తలుపు లోపలివైపు, మనిషి నేలమీద కూర్చుంటే చెంప ఆనేంత ఎత్తులో, తుప్పు చెరిగిపోయింది. కుడి చేతి పిడికిలికీ తుప్పే. నిద్దట్లో పోలేదు. తలుపు కొట్టాడు. ఎవరూ తియ్యలేదు. దానికే చెంప ఆనించి కూర్చుండిపోయాడు. పొద్దున్న ఎవరో తలుపు తీశారు, మనిషి బయటికి ఒరిగిపోయాడు.

అంటే తలుపు తెరిచి లేదు. ఈ పిల్ల నాకు అబద్ధం చెప్తోంది. యాభై ఏళ్ళావిణ్ణి పిల్ల అంటున్నానేంటని నన్ను నేనే విసుక్కున్నాను. కానీ తండ్రి శవం ముందు కూర్చుంటే ఎవరైనా పిల్లలే.

అల్లుణ్ణి పిలిపించాను. నోబుయా. మనిషి దిట్టంగా ఉన్నాడు. రాత్రి తాగినట్టున్నాడు, కళ్ళు ఉబ్బిపోయాయి.

"రాత్రి ఎక్కడున్నారు?"

"హోటల్లో. టోక్యో నుంచి వచ్చినవాళ్ళతో భోజనం. తాగి అక్కడే పడుకున్నా. తెరాషిమా గారు నా పక్కనే కూర్చున్నారు, అడగండి. మీ పోలీసాయనే."

"మాలో ఆ పేరుగలవాడు లేడే."

"టోక్యో పోలీసు లెండి. వస్తున్నాడుగా, చూద్దురు."

"మామగారికీ మీకూ పడేది కాదట?"

"ఇల్లరికం వచ్చినవాణ్ణండీ. పుట్టిన ఇంటిపేరు వదిలేసి వీళ్ళ పేరు పెట్టుకున్నాను. నాకు పడితే ఎంత, పడకపోతే ఎంత?" గొంతు పెంచబోయి, శవం వైపు చూసి తగ్గించాడు. "ఆసుపత్రి మిషన్ల ఆర్డరు చవగ్గా చేసే దేశానికి పోయింది. కొత్త పడవ కొనే నాథుడు లేడు. నలభై మంది పనివాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలగాలా వద్దా? స్ప్రింగు ఎవర్నీ చంపదు మామయ్యా అన్నాను. టార్పెడోలకి చుట్టినప్పుడు మా నాన్నా అలాగే అనుకున్నాడురా అన్నాడు. ఇంకేం మాట్లాడతాం?"

"ముద్ర?"

"మెళ్ళో సంచిలో వేసుకుని తిరిగాడు వారం నుంచీ. లేత్ మీద పెట్టి దాని మొహం గీకేస్తానని నిన్న సాయంత్రం కూడా సుమియేతో అన్నాడు. తనే ఫోన్ చేసి ఏడ్చింది."

సంచి ఆయన మెళ్ళో ఉంది. ఖాళీది.

"గదిలో ఫ్యానుంది, చిన్న ఏసీ ఉంది. వేసుకోలేదేం?"

నోబుయా ముఖం పాలిపోయింది.

"రాత్రి ఎనిమిదికి కరెంటు దానంతటదే పోతుంది. ఫ్యాక్టరీ మొత్తానికి. బిల్లు తగ్గుతుందని పోయిన నెల నేనే పెట్టించా."

"సుమియేకి తెలుసా?"

"చెప్పాననే... చెప్పానో లేదో గుర్తులేదండీ."

పీఠం ముందున్న సీసా చూపించాను. "మరి నీళ్ళెందుకు తాగలేదు?"

"అవి ఆయన తాగడు. ఎనిమిదో తారీకు సాయంత్రం నుంచి తొమ్మిదిన సైరన్ మోగేదాకా ఆవిడ ముందు పెట్టిన నీళ్ళు ఎవరూ ముట్టకూడదు. అవి ఆవిడవి. సైరన్ మోగాక ఇంటిపెద్ద కిందికి దించితేనే మనవి. అదో చాదస్తం. పోయినేడు దాహమేసి నేనో సీసా తీస్తే, చెయ్యి పట్టుకుని లాగేశాడు."

"ఈ సీసా మీరు పెట్టిందేనా?"

"నేనా? ఆ ఆర్డరు మాటెత్తినప్పట్నుంచీ ఆ గడపే తొక్కనివ్వలేదండీ నన్ను."

అతన్ని పక్కకి వెళ్ళమని పీఠం ముందు మోకాళ్ళమీద కూర్చున్నాను. సీసా కింద తెల్ల కాగితం నాలుగు మడతలు పెట్టి పరిచి ఉంది. సీసా మీది రంగుల చీటీ నావైపు లేదు. పటంలో ఉన్న ఆవిడ వైపు తిప్పి ఉంది. మనిషికి పెట్టినదైతే చీటీ మనిషివైపుంటుంది. పోయినవాళ్ళకి పెట్టినదైతే వాళ్ళవైపు తిప్పుతాం. చిన్నప్పుడు మా అమ్మ నా చెయ్యి పట్టుకుని తిప్పించేది, ఇప్పటికీ బిస్కెట్ పొట్లం తెచ్చినా నా చెయ్యి దానంతటదే అలా తిప్పేస్తుంది. ఈ సీసా పెట్టిన చెయ్యి ఈ పీఠం ముందు పెరిగిన చెయ్యి.

అది ఎవరి చెయ్యో తెలియకుండా ఉంటే బాగుండుననిపించింది.

"ఇన్‌స్పెక్టర్ ఫుకహొరి మీరేనా?"

వెనక్కి తిరిగాను. ఇస్త్రీ చొక్కా, నలభై కూడా నిండని మొహం, ఎండలో నడిచొచ్చినా చెమట పట్టని మనిషి. తెరాషిమా. ఆయుధాల ఎగుమతుల భద్రత చూసే విభాగమట. నేను ఉద్యోగంలో చేరినప్పుడు అలాంటి విభాగం ఉంటుందని ఎవరైనా అంటే నవ్వేవాళ్ళం.

"గుండె ఆగిపోయింది కదా. సహజ మరణం అని రాసి ముగించండి," అన్నాడు. "మధ్యాహ్నానికి విదేశీ ప్రతినిధులు దిగుతున్నారు. గుమ్మంలో పోలీసు జీపులు బాగోవు."

"ఆయన చెంపమీద తుప్పుంది, చూశారా?"

"ఇనుము ఫ్యాక్టరీలో తుప్పు కాక గంధం ఉంటుందా?"

"పిడికిలికీ ఉంది. తలుపు కొట్టాడు. ఎవరో గడియ పెట్టారు."

తెరాషిమా వంగి సీసా వంక చూసి నవ్వాడు. "గడియ పెట్టి చంపేవాడు రెండు లీటర్ల నీళ్ళు పెట్టిపోతాడా? కాస్త ఆలోచించండి మేడమ్."

"పెట్టడు. చంపాలని ఎవరూ అనుకోలేదు. అయినా చచ్చిపోయాడు. నాకు బాధగా ఉన్నది అందుకే."

"ఎదురుగా నీళ్ళు పెట్టుకుని దాహంతో ఎవడు చస్తాడండీ?"

"టోక్యోలో ఎవరూ చావరేమో. ఈ ఊళ్ళో చస్తారు."

"ఇలాంటి సెంటిమెంట్లతోనే దేశం ఎనభై ఏళ్ళు చేతులు కట్టుక్కూర్చుంది."

ఒళ్ళు మండిపోయింది నాకు. "చేతులు కట్టుకుని కూర్చోలేదు బాబూ. ఆసుపత్రి మిషన్లకి స్ప్రింగులు చేసుకుంటూ కూర్చున్నారు. మా నాయనమ్మ ఆ మిషను మీదే ఆరేళ్ళు బతికింది."

అతను అసలు సంగతికొచ్చాడు. "ముద్ర దొరికిందా?"

దొరకలేదు. కానీ అప్పుడే అగరొత్తుల గిన్నె నా కంట పడింది. ఇలాంటి ఇళ్ళల్లో గిన్నెలో బూడిద రోజూ సాయంత్రం చదును చేస్తారు. ఇందులో బూడిద మధ్యలో గుట్టగా ఉంది. చేతి తొడుగు వేసుకుని వేలు పెట్టాను. గట్టిగా తగిలింది. గేదె కొమ్ముతో చేసిన ముద్ర, బొటనవేలంత.

"ఇటివ్వండి," అని తెరాషిమా చెయ్యి చాచాడు.

దాని అడుగు తిప్పి చూపించాను. అక్షరాలు లేవు. అద్దంలా నున్నగా ఉంది. పీఠం పక్కన, చాప పూర్తయ్యే చోట, సిమెంటు నేలమీద నల్లటి పొడి ఉంది. లేత్ దగ్గరికి పోనివ్వకపోతే నేలకేసి గీశాడు పెద్దాయన. ఆ ఉక్కలో, ఆ చీకట్లో, ఒంట్లో ఉన్న నాలుగు చుక్కల బలమూ దీనికే ఖర్చుపెట్టాడు. తన ఇంటిపేరు తనే గీకేసి తల్లి ముందు పాతిపెట్టాడు.

"ఫర్వాలేదు," అన్నాడు తెరాషిమా. "కొత్త ముద్ర రెండ్రోజుల్లో చేయించుకోవచ్చు. కొత్త యజమాని నమోదు చేయిస్తే చాలు." సుమియే దగ్గరికి వెళ్ళి తల వంచి నమస్కారం పెట్టాడు. "సుమియే గారూ, ఇక యజమాని మీరే. మీ నాన్నగారు పెద్దవయసులో గుండె ఆగి పోయారు. అంతే. మీరేం చెప్పనక్కర్లేదు, ఎవరూ ఏమీ అడగరు. మీ పనివాళ్ళు బతుకుతారు, మీ ఇల్లు నిలబడుతుంది. నేను పూచీ."

అతనికి తెలిసిపోయింది. నాకు తెలిసినంతా అతనికీ తెలిసింది. తెలిసే అడుగుతున్నాడు. ఆవిడ నోరు మూసుకుంటే చాలు, క్షిపణి ఎగురుతుంది.

"ఆవిణ్ణి వదిలేయండి!" అన్నాను.

"మీరే వదిలేయండి మేడమ్. ఆవిడ మీద కేసు పెట్టాలని మీకు మాత్రం ఉందా?"

లేదు. అదే నా ఖర్మ.

అప్పుడు సైరన్ మోగింది.

మిషన్లు ఎప్పుడో ఆపేశారు. వాకిట్లో నిలబడ్డ పనివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ తల వంచారు. డాక్టరు పెట్టె కింద పెట్టేశాడు. నోబుయా గోడకి తిరిగి కళ్ళు మూసుకున్నాడు. ఆఖరికి తెరాషిమా కూడా తల వంచాడు. కొండమీది గుడిగంటలూ చర్చి గంటలూ కలిసి మోగుతున్నాయి. నేను కళ్ళు మూసుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మూసుకోలేదు. సుమియేని చూస్తున్నాను.

సైరన్ ఆగింది. సుమియే లేచింది. ఎవర్నీ అడగలేదు. తండ్రిని దాటకుండా పక్కనుంచి గదిలోకి వెళ్ళి, పీఠం ముందు మోకాళ్ళమీద కూర్చుని, రెండు చేతులూ జోడించింది. ముందు గ్లాసు దించింది. తర్వాత సీసా రెండు చేతులతో తీసి, చీటీ తనవైపు తిప్పుకుని, కిందికి దించింది. ఇంటిపెద్ద చెయ్యాల్సిన పని. ఇంటిపెద్ద ఇక తనే.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, పోయినవాళ్ళ పెదాలు తడపాలి కదండీ. తడపనా?"

"అది సాక్ష్యం," అన్నాడు తెరాషిమా.

"సహజ మరణానికి సాక్ష్యమెందుకండీ?" అన్నాను. "ఫోటోలు తీశాం. తడపమ్మా."

సీసాతో వచ్చి తండ్రి తల పక్కన కూర్చుంది. మూత తిప్పింది. సీలు తెగిన చప్పుడు అందరికీ వినిపించింది.

"నిన్న వీధి చివర కొట్లో కొన్నాను," అంది, ఎవరితోనో కబుర్లు చెప్తున్నట్టు. "చిన్న సీసా తీసి, మళ్ళీ పెద్దది తీసుకున్నా. రాత్రంతా సరిపోవాలి కదా అని. ఒక్క రాత్రే కదా. ఆ లేత్ దగ్గరికి పోకుండా ఉంటే చాలు, పొద్దున్నకి కోపం తగ్గుతుందనుకున్నా. ఫ్యాను తిరుగుతూనే ఉంది గడియ పెట్టినప్పుడు. లోపల గరగరమని గీస్తున్న చప్పుడు వినిపించింది. కోపంగా ఉన్నాడులే అని వెళ్ళిపోయా."

నోబుయా "సుమియే" అన్నాడు.

"ఆవిడ దుఃఖంలో ఏదో మాట్లాడుతోంది," అన్నాడు తెరాషిమా గబగబా. "నేనేమీ వినలేదు. మీరూ వినలేదు."

నేను సుమియే ఎదురుగా కూర్చున్నాను. ఈ ఒక్క ప్రశ్నా అడక్కుండా ఉండగలిగితే నా జీతం మొత్తం ఇచ్చేద్దును.

"నీళ్ళు నాన్న కోసమేగా తెచ్చావు. ఎక్కడ పెట్టావమ్మా?"

"నాయనమ్మ ముందు..." అంది.

ఆగిపోయింది. చేతిలో సీసా వంక చూసింది. పటం వంక చూసింది. తండ్రి పెదాల వంక చూసింది. రాత్రి జరిగిందంతా ఒక్కొక్కటే తెలిసి రావడం ఆ ముఖంలో కనిపించింది.

"ఇంకెక్కడ పెడతానండీ?" అంది. "ఏం తెచ్చినా ముందు అక్కడే కదా పెడతాం. చిన్నప్పట్నుంచీ అక్కడే కదా."

తర్వాత తల తిప్పి తెరాషిమాతో అంది.

"వినలేదన్నారు కదా, మళ్ళీ చెప్తున్నా వినండి. గడియ పెట్టింది నేను. తలుపు తీసిందీ నేనే. పొద్దున్న అబద్ధం చెప్పాను. మీ కాగితం మీద ముద్ర వేసే యజమాని ఈ ఇంట్లో లేరు, రాసుకోండి."

తెరాషిమా ఫోను తీసుకుని బయటికి నడిచాడు. నేను సంకెళ్ళ జోలికి పోలేదు. కాస్త ఆగుదామనుకున్నాను.

సుమియే దూది ముక్క తడిపి తండ్రి పెదాలకి అద్దింది. చాలదన్నట్టు సీసాలోంచి దోసిట్లో పోసుకుని పెదాల మీద వొంపింది. నీళ్ళు చెంప మీది తుప్పుని కడుగుతూ చెవి పక్కనుంచి నేలమీదికి జారిపోయాయి. లోపలికి చుక్క పోలేదు. మళ్ళీ పోసింది.

"తాగు నాన్నా," అంటోంది. "సైరన్ మోగిందిగా. ఇప్పుడు తాగచ్చు."